అనకాపల్లిలో ఒక వెచ్చని గోడ

ముందు వాసన చూడండి

గోడలో పగులు కనిపిస్తే ముందుగా ముఖం దగ్గరికి తీసుకెళ్ళి వాసన చూడండి. నవ్వకండి. పాత పగులు వానాకాలమంతా మూసి ఉంచిన ట్రంకుపెట్టెలా ముక్కవాసన వేస్తుంది. కొత్త పగులుది పొడి వాసన, సుద్దతో రాసి తుడిచిన పలకలా. తరవాత టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడు ఉందా? వెల్ల లోపలికి దిగిందా? చీమలు దారి చేసుకున్నాయా? ఇవి ఉంటే ఆ పగులు ఆ ఇంట్లో చాలాకాలంగా కాపురం చేస్తున్నట్టే. ఇంటివాళ్ళు ఈవేళ చూశారు, అంతే.

ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగంలో నా జీవితం గడిచింది. అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఇంజనీరు గారి ఆఫీసులో డ్రాయింగు బల్ల ముందు మొదలుపెట్టి కంప్యూటరు ముందు ముగించాను. మధ్యలో ఎప్పుడో, ఎవరూ అప్పజెప్పకుండానే, గోడలు చూసే ఆవిడనైపోయాను. డిప్లొమా చదువుకుని ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి ఆ సంగతులు అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. జీతాలూ ప్రమోషన్లూ వదిలేస్తాను. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడిందని, పరుగెత్తకూడదని, మెట్లెక్కకూడదని డాక్టరు గారు చెప్పారు. నాన్నగారు చక్కెర ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవారు. సాయంత్రం రాగానే కాళ్ళు కడుక్కుని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. నాకు లెక్కలు వచ్చింది మా ఇంటి ప్లాను మీదనే. గది వైశాల్యం, నీళ్ళతొట్టి లోతు, మెట్ల వాలు. "ఈ గోడ తీసేస్తే దీని మీదున్న బరువు ఎక్కడికి పోతుందే?" అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా అమ్మని అన్నం వడ్డించనిచ్చేవారు కాదు. తరవాత పరీక్షలు ప్రైవేటుగా కట్టాను. దేవుడి దయవల్ల గుండె కుదుటపడింది. మెట్లెక్కాను, నిచ్చెనలూ ఎక్కాను. ఆ జ్వరమే రాకపోతే నాన్నగారు నాకు అన్ని సాయంత్రాలు దొరికేవారు కాదు. అందుకని ఆ జ్వరానికి కూడా ఒక దణ్ణం పెట్టుకుంటాను.

జగన్నాథం గారూ, గోడలూ

మా ఇంజనీరు పేరు జగన్నాథం గారు. ఇనుము విషయంలో ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు. ఏ పిల్లరులో ఎంత చువ్వ పడాలో కాగితం ముట్టకుండా చెప్పేవారు. ఆడపిల్లకు డ్రాయింగు బల్ల ఎందుకని ఊళ్ళో మిగతావాళ్ళు అనుకుంటున్న రోజుల్లో నాకు కుర్చీ వేసిన మనిషి. ఆయనకు నా రుణం తీరదు. అయినా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, గోడలంటే ఆయనకు ఓపిక తక్కువ. "గోడ అంటే ఖాళీని మూసేదండీ, మోసేది పిల్లరు" అనేవారు. కొత్త ఇళ్ళకు ఆ మాట నిజమే. మా ఊరి పాత వీధుల్లో పిల్లరు అన్న మాటే లేదు. అక్కడ దూలాన్నీ, పెంకునీ, పైన ఆరబెట్టిన మిరపకాయల్నీ, ఆడుకునే పిల్లల్నీ అన్నిటినీ గోడే మోస్తుంది.

రెండు వేల ఒకటిలో గుజరాత్ భూకంపం వచ్చినప్పుడు ఆయన పేపర్లలో వచ్చిన ఫొటోలు కత్తిరించి బల్లమీద పరిచారు. కింద కార్లు పెట్టుకోవడానికని గోడల్లేకుండా పిల్లర్లే నిలబెట్టిన అపార్టుమెంట్లు మోకాళ్ళు విరిగినట్టు కూలబడిపోయాయి. పై అంతస్తులు దాదాపు అలాగే ఉన్నాయి, కిటికీలో తెరతో సహా. పాత ఇళ్ళ ఫొటోల్లో మరో సంగతి కనిపించింది. గోడలు మూలల దగ్గర విడిపోయి, పుస్తకం తెరిచినట్టు బయటికి వాలిపోయాయి. తలుపు పైన, కిటికీ పైన, గూడు పైన, ఎక్కడ రంధ్రం ఉంటే అక్కడి మూలనుంచి పగులు ఏటవాలుగా బయలుదేరింది. ఎందుకు అక్కడినుంచే? నాన్నగారు ఉంటే అడిగేదాన్ని. జగన్నాథం గారిని అడిగాను. "బరువు దిగి వస్తుంటుంది కదండీ. దారిలో గొయ్యి వస్తే పక్కకు తిరగాలి. తిరిగేచోట ఇరుకు" అన్నారు. ఆ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్ళు పని చేశాను.

గిన్నెలు మోగిన ఆదివారం

రెండు వేల నాలుగు డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే మా వంటింట్లో గిన్నెలు మోగాయి. పిల్లి అనుకున్నాను. బిందెలో నీళ్ళు వలయాలుగా కదులుతున్నాయి. వీధిలోకి వచ్చి చూస్తే అందరూ వీధిలోనే ఉన్నారు. సముద్రం అవతల భూమి కదిలిందనీ, సునామీ వచ్చిందనీ ఆ తరవాత గాని తెలియలేదు. ఆ రోజు తీరాల్లో పోయినవాళ్ళను తలుచుకుంటే మా గోడల సంగతి రాయడానికే సిగ్గేస్తుంది. మాకు జరిగిందల్లా ఒక చిన్న ఊపు.

కానీ మర్నాటినుంచి ఊరంతా తమ గోడలవైపు చూడడం మొదలుపెట్టింది. ఆఫీసు ముందు జనం. ఎవరింట్లో చూసినా పగుళ్ళే. అవన్నీ భూకంపం పగుళ్ళేనంటారు. జగన్నాథం గారు నా చేతికి టార్చి ఇచ్చి "మీరు చూసి రండి, భయపడేవాటికి నేను వస్తాను" అన్నారు.

ఒక ఇంట్లో మేడమీద అద్దెకున్నాయనా, కింద ఉన్న ఇంటావిడా గోడ ముందు నిలబడి దెబ్బలాడుకుంటున్నారు.

"భూకంపం లేదు, ఏటీ లేదు. ఈయన గ్రైండరు. తెల్లారకుండా గరగరమని అదే పని" అంది ఇంటావిడ.

"నా గ్రైండరుకే అంత బలముంటే మినప్పప్పు ఎందుకు నలగదండీ? మా ఆవిడ రోజూ నన్నే తిడతంది" అన్నాడాయన.

టార్చి వేసి చూశాను. గోడ రంగు మీగడ రంగు. పగులు లోపల మాత్రం ఆకుపచ్చ. ఈ గోడకు ఆకుపచ్చ ఎప్పుడు వేశారని అడిగాను. ఇంటావిడ ఒక్క క్షణం ఆలోచించి, "మా పెద్దోడి అన్నప్రాసనకి" అంది. ఆ పెద్దోడు వెనకాల మీసం దువ్వుకుంటున్నాడు. ఆకుపచ్చ రంగు పగులులోకి దిగిందంటే పగులు అంతకంటే పాతది. భూకంపాన్నీ, గ్రైండరునీ ఇద్దర్నీ వదిలేసి కాఫీ తాగి వచ్చాను.

చాలా ఇళ్ళలో అంతే. తొందరపడి భయపెట్టకండి, తొందరపడి ధైర్యమూ చెప్పకండి. పగులు వయసు తెలుసుకుంటే సగం భయం పోతుంది. మిగతా సగం కోసమే మన ఉద్యోగం.

నూకరాజు గారి ఇల్లు

ఇక అసలు సంగతికి వస్తాను. బెల్లం మార్కెట్టు వెనక సందులో రెండు పాత ఇళ్ళు, ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటివి. ఎప్పుడో బావాబామ్మరుదులిద్దరు కలిసి కట్టించుకున్నవి. మధ్య గోడ ఉమ్మడి. పడమటి ఇల్లు నూకరాజు గారిది, తూర్పు ఇల్లు కొండలరావు గారిది. ఇద్దరికీ మార్కెట్టులో చిన్న బెల్లం కొట్లున్నాయి. ఒకరినొకరు బావా అనుకుంటూ రోజంతా వెక్కిరించుకుంటూ బతుకుతారు.

నూకరాజు గారి అబ్బాయికి మాఘంలో పెళ్ళి. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో నూకరాజు గారి తల్లి అప్పలనర్సమ్మ గారు, ఆమె మంచం, దేవుడి గూడు, బియ్యం డబ్బాలు. కొత్త కోడలు వచ్చేలోపు మీద ఒక గది వేసి స్లాబు పోయించాలి. ప్లాను మా ఆఫీసులోనే గీశాం. జగన్నాథం గారు వీధిలోంచి ఇల్లు చూసి, గోడలు మందంగా ఉన్నాయనీ, దూలం ఆనినచోటే కొత్త బీము ఆనించవచ్చనీ చెప్పారు. స్లాబుకి సంక్రాంతి పండగ వెళ్ళిన వారం ముహూర్తం పెట్టారు. ఈలోగా ఆ ఊపు వచ్చింది.

నేను వెళ్ళేసరికి అప్పలనర్సమ్మ గారు గదిలో ముగ్గు చిప్ప పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఉమ్మడి గోడలో మనిషి ఛాతీ ఎత్తున దేవుడి గూడు. లోపల నూకాలమ్మ తల్లి పటం, పసుపు, రెండు మందారాలు. గూడు పై మూలనుంచి పగులు బయలుదేరి ఏటవాలుగా పైకి పోయి దూలం కింద ఆగింది. వాసన చూశాను. పొడి వాసన. లోపల సాలెగూడు లేదు, రంగు లేదు, ఇటుక అంచు ఎర్రగా శుభ్రంగా ఉంది. ఇది కొత్తది. ఆదివారానిదే.

మిగతా గోడలన్నీ చూశాను. పాత పగుళ్ళు బోలెడు, కొత్తది ఒక్కటీ లేదు. ఇల్లంతా ఒక్కలాగే ఊగింది కదా, ఇక్కడే ఎందుకు విరిగింది?

ఆఫీసుకొచ్చి చెబితే జగన్నాథం గారు "గూడు మూల కదండీ, ఇరుకు. ఒక పూత పూయించండి" అన్నారు. నాకు సరిపోలేదు. పటాలకు అద్దాలు కట్టే షాపులో మిగిలిపోయే సన్నని గాజు ముక్కలు నా దగ్గర ఎప్పుడూ ఉండేవి. ఒకటి తీసుకెళ్ళి పగులుకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లూ సిమెంటు ముద్దలతో అతికించాను. పగులు వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది.

"ఏటమ్మా, గోడకి కట్టు కట్టేవా?" అన్నారు అప్పలనర్సమ్మ గారు.

"జ్వరం ఉందో లేదో చూస్తున్నానండి."

"జరమే. సెయ్యెట్టి సూడు."

ఆవిడ హాస్యం ఆడుతున్నారనుకున్నాను.

కొన్నాళ్ళకు మేస్త్రి పైన గోడలు కట్టడానికి ఇటుకలన్నీ పైకి మోయించి, సరిగ్గా ఆ దూలం చివర మీద పేర్పించాడు. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ దారిలో ఆ ఇంటికి వెళ్ళాను. గాజు రెండు ముక్కలై ఉంది.

చెయ్యి పెట్టి చూడు

నేను ఆ గాజు వైపు చూస్తుంటే అప్పలనర్సమ్మ గారు నా మణికట్టు పట్టుకుని గూట్లోకి లాగారు. "మొన్న సెప్తే నవ్వేవు. ఇప్పుడెట్టు."

పటం పక్కనుంచి గూడు వెనక గోడమీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. డిసెంబరు చలి ఇంకా పోలేదు, గదిలో నేల కాళ్ళు జివ్వుమనిపిస్తోంది. ఆ ఒక్కచోట మాత్రం గోడ ఒంటి వేడిలా వెచ్చగా ఉంది. గూట్లో దీపం కూడా లేదు. ఆవిడ దీపం కింద గుమ్మం పక్కన పెడతారు, పటానికి మసి పడుతుందని.

"మా ఆయన పోయిన ఏడు సలికాలంలో మొదలెట్టిందమ్మా" అన్నారావిడ, గొంతు తగ్గించి. "ఆ ఏడు నాకు అన్నం సయించలేదు, నిద్దర లేదు. ఓ పొద్దున్న ఈ గూటిలో తలెట్టి ఏడుత్తంటే ఎచ్చగా తగిలింది. అమ్మే. ఎవురికీ సెప్పలేదు. మా నూకరాజుక్కూడా. సెప్తే ముసిల్దానికి మతి పోయిందంటాడు."

నేను దేవుడిని నమ్మే మనిషిని. ఆ క్షణంలో చెయ్యి తీయబుద్ధి కాలేదు. అలాగే ఉంచి, లోపల ఒక దణ్ణం పెట్టుకుని, తరవాత అడిగాను. "ఎప్పుడూ ఉంటుందా అమ్మా ఈ వెచ్చన?"

"ఎప్పుడూ ఉండదు. పొద్దున్న, మల్లీ దీపాలేళకి. కార్తీకంలోనూ, ఈ నెలగంటు రోజుల్లోనూ ఎక్కువుంటాది. అమ్మకి ఇష్టమైన రోజులు కదా."

పొద్దున్న, దీపాలవేళ. కార్తీకంలోనూ ధనుర్మాసంలోనూ ఎక్కువ. నేను చెయ్యి తీసి గూడు లోపలి అంచుమీద స్కేలు పెట్టాను.

ఆఫీసులో జగన్నాథం గారు నేను చెప్పింది విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గోడ వెచ్చగా ఉందని స్లాబు ఆపమంటారా సుభద్రమ్మగారూ? దేవుడి సంగతి మీరు చూసుకోండి. గోడ సంగతి నాకు వదిలేయండి."

"గోడ సంగతే చెప్తున్నానండి. ఇటుకలోంచి వేడి రావాలంటే ఇటుక ఎంత పల్చన ఉండాలి? గాజు కూడా విరిగింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. బల్ల సొరుగులోంచి టేపు తీశారు. పై అధికారులను నేను ఈ ఒక్క పనిని బట్టే అంచనా వేస్తాను. వాదన అయిపోకముందే టేపు తీసే మనిషి మంచి అధికారి.

అటు ఎంత, ఇటు ఎంత

జగన్నాథం గారు కొండలరావు గారి ఇంట్లోకి వెళ్ళారు, నేను నూకరాజు గారి ఇంట్లోకి. వీధి గుమ్మాల దగ్గర బావలిద్దరూ నిలబడి కొలతలు అటూ ఇటూ అందించారు.

"మా బావ గోడకి పంట్లాం కుట్టిత్తన్నాడండీ, కొలతలు తీసుకోండి" అన్నారు కొండలరావు గారు వీధిలో పోయేవాళ్ళతో.

"నీ నోటికి కుట్టించాలి ముందు" అన్నారు నూకరాజు గారు. "మేడమ్, ఎంతండీ?"

గుమ్మం దగ్గర గోడ మొత్తం మందం పూతలతో కలిపి పధ్నాలుగు అంగుళాలు. మా వైపు గూడు లోతు ఆరు. చెప్పాను. నూకరాజు గారు అరిచారు. అవతలనుంచి అంకె రాలేదు. తరవాత జగన్నాథం గారే వీధిలోకి వచ్చారు.

"అటు కూడా గూడుంది" అన్నారు. "సరిగ్గా దీని వెనకాలే. ఆరున్నర."

అవతలి ఇంట్లో కొండలరావు గారి భార్య సత్యవతి గారు వాస్తు చూపించుకుని, దేవుడు తూర్పుకి చూడాలని, తమ పడమటి గోడలో గూడు తొలిపించుకున్నారట. ఇవతలి గూడు పాతది, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకోవడానికి తూర్పు గోడలో ఉంది. ఇళ్ళు ఒకే ప్లాను కాబట్టి దేవుడికి తగిన చోటూ రెండిళ్ళలో ఒకటే అయింది. ఒక ఇంట్లో నూకాలమ్మ తల్లి, ఇంకో ఇంట్లో వెంకన్నబాబు, వీపులు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యలో అంగుళమున్నర. అందులో పూతలు పోతే మిగిలేది ఎంతో నేను చెప్పక్కర్లేదు. ఆ అంగుళమున్నర నెత్తినే దూలం. దాని నెత్తిన కొత్త గది, స్లాబు, కొత్త దంపతులు. ఆ కింద మంచం మీద అప్పలనర్సమ్మ గారు.

ఏ ఊళ్ళో అయినా జరగవచ్చు గాని, ఇంత భక్తిగా జరగడం మన దగ్గరే. ఎవరూ తప్పు చేశామని అనుకోలేదు. ఇద్దరూ దేవుడికి మంచి చోటే ఇచ్చారు. గోడకు రెండో వైపు ఒకటి ఉంటుందన్న ధ్యాస ఎవరికీ రాలేదు. ఉమ్మడి గోడ దగ్గరికి వెళ్ళినప్పుడు అవతలి ఇంట్లోకి కూడా వెళ్ళి చూడండి. కాఫీ ఇస్తే తాగండి. తాగుతూ గోడ చూడండి.

జగన్నాథం గారు వెంటనే పైన పేర్చిన ఇటుకలు దింపించి, దూలం కింద సరుగుడు బాదులు ఊతంగా నిలబెట్టించారు. తరవాత అక్కడే గుమ్మం మీద కూర్చుని కాగితం మీద గీశారు. నూకరాజు గారి వైపు రెండు పిల్లర్లు పునాదినుంచి లేపి, బీము వాటిమీద ఆనించాలి. గోడమీద ఏమీ పడకూడదు. పిల్లర్లు లేచేలోపు రెండు గూళ్ళూ ఒకే రోజు ఇటుకతో, సిమెంటుతో నింపేయాలి. ముహూర్తం మారుతుంది.

"మా బావ గూడు తవ్వితే నా స్లాబు ఆగడమేటండీ?" అన్నారు నూకరాజు గారు. ముఖం ఎర్రబడింది. ఈసారి హాస్యం లేదు. "పెల్లి మాఘంలో. పిల్ల తరపోల్లకి గది సూపిత్తానని మాటిచ్చేను."

"నీ గూడు నా గూటికంటే ముందుది బావా. నువ్వే ముందు తవ్వేవు" అన్నారు కొండలరావు గారు, ఆయన గొంతూ తగ్గింది.

"మా అమ్మ ఒప్పుకోదు. ఆ గూటి జోలికెళ్తే అన్నం మానేత్తాది. మీరే సెప్పండి మేడమ్."

దీపం ముందుకు జరిపితే

మా పనిలో లెక్కలు కష్టం కాదు. ఈ చెప్పడమే కష్టం. వెచ్చన ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలిసింది. సత్యవతి గారు తెల్లారకముందే గూట్లో పెద్ద ప్రమిదలో దీపం పెడతారట, రెండు పూటలా, కార్తీకంలోనూ ధనుర్మాసంలోనూ ఎక్కువ వత్తులతో. ఆవిడ గూడు తొలిపించింది అప్పలనర్సమ్మ గారి భర్త పోయిన ఏడే. ఆ వెచ్చన పట్టుకునే ముసలావిడ మళ్ళీ అన్నం తిన్నది. అది పక్కింటి దీపమని నా నోటితో ఎలా చెప్పాలి? చెప్పకుండా గూడు ఎలా మూయించాలి?

మర్నాడు పొద్దున్న పూజలో చాలాసేపు కూర్చున్నాను. మాట సాయం అడిగాను. వెళ్ళి అప్పలనర్సమ్మ గారి పక్కన నేలమీద కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాను. అంగుళమున్నర సంగతీ, దీపం సంగతీ.

ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. ముగ్గు చిప్పలో పిండి వేలితో కలిపారు. తరవాత అడిగారు. "నువ్వు సూసేవా? అది దీపమేనని సూసేవా, అనుకుంతన్నావా?"

మంచి ప్రశ్న. నేను అనుకున్నానే గాని చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే సూద్దాం" అని లేచారు. చాలా ఏళ్ళ తరవాత ఆ గుమ్మం తొక్కినట్టున్నారు, సత్యవతి గారు కంగారుగా పీట వేశారు.

"ఏటే సత్యవతీ, రేపు పొద్దున్న నువ్వు దీపం ఎట్టకు."

"ఓలమ్మా! నెలగంటులో దీపం ఎట్టకుండా ఎలగత్తా? పాపం కాదేటి?"

ఇద్దరూ నావైపు చూశారు. దీపం పెట్టండి, గూట్లో మాత్రం వద్దు, ముందు పీటమీద పెట్టండి అన్నాను. దేవుడికి వెలుగు అందుతుంది, గోడకు వేడి తగలదు. ఆ రెండో మాట విని అప్పలనర్సమ్మ గారి కళ్ళు చిన్నవయ్యాయి. ఈ పరీక్ష ఆవిడకు నచ్చింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ గూట్లో చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నారు. "సల్లగా ఉందమ్మా" అన్నారు. గోడవైపే చూస్తూ, "మల్లీ ఎట్టమని సెప్పు" అన్నారు. నేను వెళ్ళి చెప్పాను. సత్యవతి గారు దీపం గూట్లోకి జరిపి, అవతలే నిలబడ్డారు. నేను తిరిగి వచ్చి కూర్చున్నాను. ముసలావిడ చెయ్యి తీయలేదు. నూకరాజు గారి భార్య కాఫీ తెస్తే ఎడమచేత్తో తాగారు. కొంతసేపటికి ఆవిడ భుజాలు సడలాయి.

"వత్తంది" అన్నారు. "వత్తంది, వత్తంది."

తరవాత గుమ్మంలోకి వచ్చి పక్కింటివైపు గట్టిగా అన్నారు. "ఇన్నాల్లూ నన్ను కాసింది నువ్వేనటే!"

"అయితే నూనె నాది, మొక్కులు మీ తల్లికీనా అత్తా?" అని అవతలనుంచి వచ్చింది. ఇద్దరూ నవ్వారు. అప్పలనర్సమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చి, కొడుకుతో మామూలుగా అన్నారు. "మేస్త్రిని పిలు. నా గూడు మూసీయమను. నా తల్లిని నేను పీటమీద ఎట్టుకుంతాను."

దేవుడి మీద నమ్మకం ఉన్న మనిషికి నిజం చెబితే విరిగిపోతుందని భయపడ్డాను. నిజం చెప్పడానికి నేను తయారైనదానికంటే, వినడానికి ఆవిడే ఎక్కువ తయారుగా ఉన్నారు. అప్పటినుంచి ఏ ఇంట్లోనూ పెద్దవాళ్ళ దగ్గర ఏదీ దాచలేదు. ఆ ధైర్యం ఇచ్చినందుకు ఆవిడకు ఋణపడి ఉన్నాను.

గూళ్ళు నింపిన రోజు

భోగి వెళ్ళాక ఒక మంచిరోజు చూసి పని మొదలుపెట్టారు. అప్పటికి పిల్లర్ల గోతులు తవ్వడం అయింది, దూలం బాదుల మీద ఉంది. రెండు ఇళ్ళలోనూ పటాలు పీటలమీదకు మారాయి. జగన్నాథం గారు అటు, నేను ఇటు. బావలిద్దరూ వీధిలో.

మేస్త్రి మా వైపు గూట్లో పాత పూత గీకుతున్నాడు. ఉలి కూడా పెట్టలేదు, తాపీతో గీకుతున్నాడు. ఒకచోట పూత పెచ్చు ఊడింది. వెనక ఇటుక లేదు. మట్టి పొడిపొడిగా రాలింది. మేస్త్రి వేలితో మెల్లగా నెట్టాడు. వేలు అవతలి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రి వేలు వెనక్కి తీశాడు. రంధ్రంలోంచి వెలుతురు వచ్చింది. నూకరాజు గారు వీధిలోంచి వచ్చి అది చూసి, పైన బాదుల మీదున్న దూలం చూసి, మంచంవైపు చూసి, గోడకు ఆనుకోబోయి ఆగిపోయారు. ముహూర్తం గురించి ఆయన ఆ తరవాత ఒక్క మాట కూడా అనలేదు. పెళ్ళివారికి ఆయనే వెళ్ళి చెప్పి వచ్చారు. స్లాబు పెళ్ళి తరవాతే పోశారు. కొత్త దంపతులు మొదటి నెలలు కొండలరావు గారి ముందుగదిలో ఉన్నారు.

మేస్త్రి చుట్టూ వదులుగా ఉన్నదంతా తీసేశాడు. కొబ్బరిచిప్ప పట్టేంత రంధ్రం అయింది. అవతల సత్యవతి గారి ముఖం కనిపించింది, బొట్టు, ముక్కుపుడక.

"అత్తా, కనిపిత్తన్నానా?"

"కనిపిత్తన్నావే. జుత్తు నెరిసిపోయిందేటే నీకు?"

"నీకు నల్లగుందేటి?"

మేస్త్రి తడిపిన ఇటుక ఒక చేతిలో, తాపీమీద సిమెంటు మాలు ఇంకో చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "కానీండమ్మా, మాలు బిగిసిపోతంది."

"ఆగరా" అన్నారు అప్పలనర్సమ్మ గారు. "ఏటే, మీ సామికి ఈయేళ కొబ్బరికాయ కొట్టేవా?"

"కొట్టేనత్తా."

"మాకు లేదు. పనోల్ల హడావిడిలో తేలేదు."

అవతల గాజులు మోగాయి. రంధ్రంలోంచి ఒక చెయ్యి వచ్చింది, వేళ్ళకు పసుపు, అందులో కొబ్బరిముక్కలు. ముసలావిడ ఒకటి తీసి పీటమీద తల్లి ముందు పెట్టారు. ఒకటి కొడుక్కిచ్చారు. ఒకటి మేస్త్రి నోట్లో పెట్టారు, అతనికి చేతులు ఖాళీ లేవని. ఆ చెయ్యి ఇంకా రంధ్రంలోనే ఉంది, ఇంకెవరికైనా కావాలా అన్నట్టు.

నేనూ చెయ్యి చాచాను.